చూపు తగ్గుతున్నవారికి ఇంప్లాంటా, సహాయక పరికరమా?

కుటుంబంలో ఒకరికి చూపు తగ్గిపోతున్నదనీ, అది కళ్ళజోడుతో సరిపోయేది కాదనీ తెలిసినప్పుడు ఇంట్లోవారు ముందుగా అడిగేది ఆపరేషన్ ఉందా అని. ఆ వెంటనే, కంట్లో చిప్ అమర్చి చూపు తెప్పిస్తున్నారని ఎక్కడో చదివిన వార్త గుర్తుకు వస్తుంది. తెల్లకర్ర, మాట్లాడే ఫోన్, బ్రెయిలీ వంటివి మాత్రం ఆసుపత్రులన్నీ తిరిగిన తరువాత, ఓటమిని ఒప్పుకున్నట్టుగా, చిట్టచివర ఆలోచనకు వస్తాయి. ఈ వరుస సరైనది కాదని నా అభిప్రాయం. ఇంప్లాంట్లలో, అంటే ఆపరేషన్‌తో శరీరంలో అమర్చేవాటిలో, కొన్ని నిజంగా జీవితాన్ని మార్చేవి, కొన్ని పేరుకు మాత్రమే పనిచేసేవి. సహాయక పరికరాలలోనూ లక్షలు పోసి కొన్నవాటి కంటే కొన్ని వందల రూపాయల కర్ర ఎక్కువ ఉపయోగపడే సందర్భాలు అనేకం. కొనేముందు, ఆ వస్తువు మొదటి రోజున ఏమి చేసి చూపిస్తుందన్న దానికంటే, అది పదేళ్ళ తరువాత పాడైతే బాగుచేసేవారు ఉంటారా అన్నదే పెద్ద ప్రశ్నగా పెట్టుకోవాలి.

ఏ భాగం చెడిందో ముందు తేలాలి

కంటి ముందుభాగంలోని పారదర్శక పొర కార్నియా, దాని వెనుక ఉండే లెన్సు, లోపలి గోడను అంటిపెట్టుకుని వెలుతురును పసిగట్టే రెటీనా, అక్కడి నుంచి మెదడుకు సంకేతాలను మోసుకువెళ్ళే దృష్టినాడి: వీటిలో ఏది దెబ్బతిన్నదన్న దానిమీదే ఎంపిక మొత్తం ఆధారపడి ఉంటుంది. 'చూపు లేదు' అన్న మాట అన్ని సందర్భాలలోనూ ఒకటే అయినా, వైద్యం ఒకటి కాదు.

దెబ్బతిన్నది లెన్సు, అంటే శుక్లం వచ్చింది అయితే, ఆలోచించవలసిన పనే లేదు. కంటి ఇంప్లాంట్ అనగానే మనకు చిప్‌లు తోస్తాయి గాని, ప్రపంచంలో అత్యధికంగా అమర్చిన కంటి ఇంప్లాంట్ శుక్లం ఆపరేషన్‌లో పెట్టే చిన్న లెన్సే. యుద్ధవిమానాల అద్దాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుని ఉండిపోయినా కన్ను వాటిని పెద్దగా వ్యతిరేకించకపోవడం గమనించిన బ్రిటిష్ కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరు 29న లండన్‌లో మొదటి కృత్రిమ లెన్సును అమర్చారు. 1992లో మదురైలో మొదలైన ఆరోలాబ్, దిగుమతి లెన్సుల ధరలో చిన్న భాగానికే వాటిని తయారుచేయడంతో పల్లెటూరి కంటి శిబిరాలకు కూడా అవి చేరాయి. దీనికి బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, తయారుచేసిన కంపెనీ మూతపడినా కంట్లోని లెన్సుకు ఏమీ కాదు. మిగిలిన ఇంప్లాంట్లను ఈ కొలతతోనే చూడాలి.

అయితే ఇక్కడ కూడా ఒక ఎంపిక ఉంది. ఒకే దూరానికి స్పష్టత ఇచ్చే మోనోఫోకల్ లెన్సుకు, దగ్గరా దూరమూ రెండూ కనిపించేలా వెలుతురును పంచే మల్టీఫోకల్ లెన్సుకు ధరలో చాలా తేడా ఉంటుంది. ఖరీదైనదే మంచిదన్న భావన కూడా ఉంటుంది. రెటినైటిస్ పిగ్మెంటోజా (రెటీనా క్రమంగా క్షీణించే వ్యాధి), నీటికాసులు (గ్లకోమా), మాక్యులా (రెటీనా మధ్యభాగం) జబ్బు ఉన్నవారికి వెలుగునీడల తేడాను పసిగట్టే శక్తి అప్పటికే తగ్గి ఉంటుంది గనుక, ఉన్న వెలుతురును ఇంకా చీల్చే మల్టీఫోకల్ లెన్సు సాధారణంగా వారికి తగదు. అటువంటివారు మోనోఫోకల్ లెన్సు పెట్టించుకుని, చదవడానికి విడిగా కళ్ళజోడు వాడుకోవడమే మేలు.

కార్నియా మసకబారితే మరణానంతరం దానంగా వచ్చిన కార్నియాను అతికిస్తారు. ఇన్ఫెక్షన్ల వల్ల, గాయాల వల్ల, పిల్లలు ఆడుకుంటూ సున్నం ప్యాకెట్ నొక్కితే అది కంట్లో చిమ్మడం వల్ల చూపు పోయినవారిలో చాలామందికి ఈ దారి ఉంటుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ శస్త్రచికిత్సలో ప్రపంచంలోనే పెద్ద కేంద్రాలలో ఒకటి. ఒకటికి రెండుసార్లు అతికించినా నిలవని కళ్ళకు బోస్టన్ కెప్రో వంటి కృత్రిమ కార్నియాలు ఉన్నాయి. వాటికి జీవితాంతం చుక్కల మందులు, క్రమం తప్పని పరీక్షలు అవసరం గనుక ఆసుపత్రికి దూరంగా ఉండేవారు ఆ సంగతిని ముందే తేల్చుకోవాలి.

ఎక్కువ అపోహ ఉన్నది దీని దగ్గరే. నేత్రదానం అంటే కన్నంతా మార్చడం అనుకుని, రెటీనా జబ్బు ఉన్నవారి తల్లిదండ్రులు 'నా కన్ను తీసి నా బిడ్డకు పెట్టండి' అని అడుగుతుంటారు. చూపు వచ్చేలా మార్చగలిగేది కార్నియాను మాత్రమే. 2023 మేలో న్యూయార్క్ వైద్యులు ఒక వ్యక్తికి ముఖంలో కొంతభాగంతో పాటు పూర్తి కంటిని కూడా మార్పిడి చేశారు. ఆ కన్ను సజీవంగా ఉంది గాని దానితో చూపు రాలేదు, ఎందుకంటే తెగిన దృష్టినాడిని మెదడుతో తిరిగి కలపడం ఇప్పటికీ సాధ్యం కాలేదు. నీటికాసుల వల్ల చూపు పోయినవారికి రెటీనా చిప్ కూడా పనికిరాకపోవడానికి కారణం ఇదే: చిప్ పుట్టించిన సంకేతం వెళ్ళవలసిన దారి ఆ దృష్టినాడే, అది ఎండిపోయి ఉంటుంది. వారు చేయవలసింది మిగిలిన చూపును చుక్కల మందులతో, క్రమమైన పరీక్షలతో కాపాడుకోవడం.

రెటీనా చిప్‌లు

ఇక మిగిలింది రెటీనా. రెటినైటిస్ పిగ్మెంటోజా, క్లుప్తంగా ఆర్‌పీ, రేచీకటితో మొదలై, పక్కచూపును క్రమంగా మింగేసి, గొట్టంలోంచి చూస్తున్నట్టుగా మధ్యలో కొంచెం మాత్రం మిగిల్చే వంశపారంపర్య వ్యాధి. మేనరికపు పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే కలిగే దీని అంతర్గత రూపాలు బయటపడే అవకాశం ఎక్కువ. (విటమిన్ ఎ లోపం వల్ల కూడా రేచీకటి వస్తుంది, అది మందుతో తగ్గుతుంది; రెండింటినీ వైద్యుడే వేరుచేసి చెప్పాలి.) వయసుతో వచ్చే మాక్యులా క్షీణత దీనికి తలకిందులుగా ఉంటుంది: మధ్యచూపు పోయి పక్కచూపు నిలుస్తుంది.

ఆర్‌పీ వల్ల దాదాపు పూర్తిగా చూపు పోయినవారి కోసం కాలిఫోర్నియాకు చెందిన సెకండ్ సైట్ కంపెనీ ఆర్గస్ 2 అనే ఇంప్లాంట్ తయారుచేసింది. కళ్ళద్దాల మీది చిన్న కెమెరా తీసిన దృశ్యాన్ని నడుముకు కట్టుకునే ప్రాసెసర్ సంకేతాలుగా మార్చి, తీగ లేకుండా కంట్లోని 60 ఎలక్ట్రోడ్ల పలకకు పంపుతుంది. యూరప్‌లో 2011లో, అమెరికాలో 2013లో దీనికి అనుమతి వచ్చింది. శస్త్రచికిత్స ఖర్చు కాకుండా పరికరం ఒక్కటే సుమారు లక్షన్నర డాలర్లు. దీనితో కనిపించేది మనకు తెలిసిన చూపు కాదు. వెలుగు మచ్చలు మెరుస్తాయి. ద్వారం ఎక్కడుందో, గోడకూ కిటికీకీ మధ్య అంచు ఎక్కడుందో, ఎదుట ఎవరో కదులుతున్నారో పోల్చుకోవచ్చు. ముఖాలు గుర్తుపట్టడం, పుస్తకం చదవడం దీనివల్ల కాదు. ఆ మాత్రానికే నెలల తరబడి సాధన అవసరం.

అసలు పాఠం ఆ తరువాత జరిగినదానిలో ఉంది. 2019లో ఆ కంపెనీ ఆర్గస్ తయారీని ఆపివేసింది, మరుసటి ఏడాది దివాలా అంచుకు వెళ్ళింది. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా ఆ పలకను కంట్లో పెట్టించుకున్నారు. కళ్ళద్దాలు విరిగితే, ప్రాసెసర్ ఆగిపోతే కొత్తవి ఇచ్చేవారు లేరు. ఎంఆర్‌ఐ స్కాన్ అవసరమైన ఒక వ్యక్తికి, కంట్లో ఆ లోహం ఉండగా స్కాన్ తీయవచ్చునా అని అడగడానికి కంపెనీలో పలికేవారు దొరకలేదు. 2022లో ఈ విషయం బయటకు వచ్చి పెద్ద చర్చ అయింది. జర్మనీలో 1500కు పైగా చుక్కలతో (పిక్సెళ్ళతో) రెటీనా కింద అమర్చే ఆల్ఫా చిప్‌లను తయారుచేసిన కంపెనీ కూడా 2019లోనే పని మానుకుంది. ఈ రెండు పరికరాల మధ్య ఏది మెరుగన్న పోలిక ఒకప్పుడు జోరుగా సాగేది. ఇప్పుడు ఆ పోలికకు అర్థమే లేదు.

ప్రస్తుతం ఆశ కలిగిస్తున్నది ప్రిమా అనే రెటీనా చిప్. 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు గల పలకలో 378 చుక్కలు ఉంటాయి. దానికి తీగ ఉండదు, కళ్ళద్దాలు పంపే పరారుణ కాంతే దానికి దృశ్యమూ విద్యుత్తూ. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో మధ్యచూపు పోయిన 38 మంది మీద యూరప్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2025 అక్టోబరులో వెలువడ్డాయి. ఏడాదిపాటు పరిశీలించిన 32 మందిలో 26 మందికి అక్షరాలు చదవగలిగే శక్తి చెప్పుకోదగ్గంతగా మెరుగుపడింది. ఇది నలుపు తెలుపుల్లో, పెద్దదిగా చేసి చూసుకునే చదువు. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా సగం మందిలో కనిపించి, ఎక్కువభాగం తగ్గిపోయాయి. అయినా ఆర్గస్‌తో పోలిస్తే ఇది మరో మెట్టు అని ఒప్పుకోవాలి. అయితే ఈ పరీక్ష ఆర్‌పీ ఉన్నవారి మీద జరిగినది కాదు. మెదడులోనే అమర్చే, న్యూరాలింక్ కంపెనీవారి బ్లైండ్‌సైట్ చిప్‌కు 2024 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఇచ్చినది 'పరిశీలన వేగంగా చేస్తాం' అన్న హోదా మాత్రమే. వాడుకకు అనుమతి వచ్చిందని అనుకోవడం పొరపాటు.

కాబట్టి ఆర్‌పీ ఉన్న ముప్ఫై ఏళ్ళ వ్యక్తికి నేను చెప్పగలిగేది, చిప్ కోసం ఎదురుచూడవచ్చు గాని చిప్ కోసం ఆగిపోకూడదని. జన్యుపరీక్ష చేయించుకోవడం మాత్రం ఇప్పుడే చేయదగ్గ పని. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవారికి 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా అనే జన్యుచికిత్స ఉంది. రెండు కళ్ళకు కలిపి దాని ప్రకటించిన ధర 8,50,000 డాలర్లు, ఆ జన్యువు కాక వేరొకటి చెడితే అది పనిచేయదు. ఏ జన్యువో తెలిసి ఉంటే, రేపు మొదలయ్యే ట్రయల్ (కొత్త చికిత్సను రోగుల మీద పరీక్షించడం) తమకు వర్తిస్తుందో లేదో ఆ రోజే తేలుతుంది. మన దేశంలో జరిగే ట్రయల్ ఏదైనా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. డబ్బు కట్టించుకుని 'ట్రయల్' అనేవారిని అనుమానించవలసిందే. ముఖ్యంగా స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల విషయంలో. అమెరికాలోని ఫ్లోరిడాలో డబ్బు చెల్లించి కళ్ళలో అటువంటి ఇంజెక్షన్లు చేయించుకున్న ముగ్గురు స్త్రీలకు ఉన్న చూపు కూడా చాలావరకు పోయిందని 2017లో వైద్యపత్రికలో వచ్చింది.

చూపు తెప్పించకుండానే పని జరిపించేవి

సహాయక పరికరాలను ఎంచుకునేటప్పుడు కంటి రిపోర్టును పక్కనపెట్టి, ఆ మనిషి రోజులో ఏయే పనుల దగ్గర ఆగిపోతున్నాడో రాసుకోవాలి. నడక, చదువు, డబ్బు లెక్క, వంట, ఉద్యోగం: ఒక్కొక్కదానికి వేరే పరికరం సరిపోతుంది. అన్నింటికీ ఒకటే అని అమ్మజూపేది సాధారణంగా దేనికీ పూర్తిగా సరిపోదు.

కొంచెం చూపు మిగిలి ఉంటే మొదట వెళ్ళవలసింది, ఆ మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే లో విజన్ విభాగానికి. భూతద్దాలు, దూరపు బోర్డులు చూసే చిన్న టెలిస్కోపులు, మంచి వెలుతురు, నల్లటి పళ్ళెంలో తెల్లన్నం వంటి రంగుల తేడా, ఇవన్నీ చవకగా అయ్యేవే. ఆర్‌పీలో పక్కచూపు పోయి మధ్యచూపు బాగానే ఉన్నవారికి ఎక్కువగా పెద్దదిచేసే భూతద్దం ఎదురు తిరుగుతుందని కూడా తెలుసుకోవాలి: అక్షరం పెద్దదైన కొద్దీ ఆ ఇరుకు కిటికీలో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి.

నడకకు తెల్లకర్రను మించినది ఇప్పటికీ రాలేదు. అది నేలను చదువుతుంది: గుంత, మెట్టు, మూతలేని మ్యాన్‌హోల్, తవ్వి వదిలేసిన రోడ్డు. దాని లోపం నడుముకు పైన ఉన్నవాటిని పట్టుకోలేకపోవడం. ఆగి ఉన్న లారీ వెనుక భాగం, బయటికి తెరిచిన కిటికీ రెక్క, గోడకు బిగించిన ఏసీ పెట్టె, వాలిన కొమ్మ ముఖానికి తగిలేదాకా తెలియవు. ఐఐటీ ఢిల్లీలో రూపొంది 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ ఆ లోపాన్ని పూరించడానికి వచ్చింది. కర్ర పిడికి తగిలించే ఈ పరికరం అల్ట్రాసౌండ్‌తో సుమారు 3 మీటర్ల దూరం వరకు అడ్డంకులను పసిగట్టి, పిడిని వణికించి హెచ్చరిస్తుంది. విడుదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయల ప్రాంతంలో ఉండేది. గుర్తుంచుకోవలసింది, ఇది గుంతలను చెప్పదు. కాబట్టి కర్రకు తోడే గాని కర్రకు బదులు కాదు. సాదా కర్రతో నడవడం శిక్షకుల దగ్గర నేర్చుకున్న తరువాతే దీన్ని కొనమని సలహా ఇస్తాను. అసలు కర్ర పట్టుకోవడానికే సిగ్గుపడి, ఆర్‌పీ ఉన్న యువకులు చాలామంది రాత్రిపూట ఇల్లు కదలడం మానేస్తారు. వారికి కావలసింది ఖరీదైన కర్ర కాదు, మడిచి సంచిలో పెట్టుకునే కర్ర, పగలు అవసరం లేదనుకుంటే తీయకుండా ఉండే వెసులుబాటు.

చదువుకు, డబ్బుకు, పరిచయం లేని వస్తువులకు ఫోన్ ముందుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో 2009 నుంచి వాయిస్‌ఓవర్ ఉచితంగానే ఉన్నాయి. తెర మీది ప్రతి మాటను ఇవి చదువుతాయి, తెలుగులోనూ చదివించుకోవచ్చు. కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), డబ్బు పెట్టి కొనే జాస్ రెండూ ఉన్నాయి. ఇంట్లో వాడుకకు, చదువుకు ఎన్‌వీడీఏతో మొదలుపెట్టి, కార్యాలయంలోని సాఫ్ట్‌వేర్ దానికి లొంగకపోతేనే జాస్ గురించి ఆలోచించడం తెలివైన పని. మందు పట్టీ మీది పేరు, ఉత్తరం, ఎదుటి దృశ్యం చెప్పడానికి సీయింగ్ ఏఐ, లుకౌట్, బీ మై ఐస్ అనే యాప్‌లు ఉన్నాయి. చివరిదానిలో చూపున్న స్వచ్ఛంద సేవకులు వీడియో కాల్‌లో కళ్ళుగా ఉంటారు, 2023 నుంచి కృత్రిమ మేధ కూడా దృశ్యాన్ని వర్ణిస్తుంది. ఆ వర్ణనలో లేనిది ఉన్నట్టు చెప్పడం కూడా జరుగుతుంది గనుక, రోడ్డు దాటడానికీ, మందు మోతాదుకూ దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. బ్యాంకు కాగితాలను అపరిచితులకు చూపకూడదు. నోట్లను గుర్తించడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో మణి యాప్‌ను విడుదల చేసింది. కొత్త నోట్ల అంచులలో ఉబ్బెత్తు గీతలు కూడా ఉంటాయి, 100 నోటుకు నాలుగు, 500కు ఐదు. కూరగాయల బజారులో నలిగిన నోటు మీద అవి వేలికి తగిలితే అదృష్టమే.

ఎదుట ఉన్నదాన్ని చదివి వినిపించే కెమెరా కళ్ళద్దాల విషయంలో నేను తొందరపడవద్దనే అంటాను. చేతులు ఖాళీగా ఉంటాయన్నది వాటి నిజమైన లాభం. కర్ర ఒక చేతిలో, సంచి మరో చేతిలో ఉన్నవారికి అది చిన్న విషయం కాదు. కాని వాటిలో చాలావరకు చేసే పనులు ఫోన్‌లో ఉచితంగా జరిగేవే. ఎన్విజన్ కళ్ళద్దాలు ఏ గూగుల్ గ్లాస్ మీద నిర్మించారో, దాని అమ్మకాన్ని గూగుల్ 2023 మార్చిలో ఆపివేసింది. కంట్లో పెట్టిన చిప్‌కు ఎదురైన ప్రమాదం ముక్కు మీద పెట్టుకునేదానికీ ఉంటుంది, తీసి పక్కన పెట్టగలగడం ఒక్కటే తేడా. కొనదలచినవారు ప్రదర్శనలో చూపించే ఇంగ్లీషు పుస్తకంతో తృప్తిపడకుండా, తెలుగు దినపత్రిక, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ, చేతిరాత చీటీ తమ వెంట తీసుకువెళ్ళి చదివించి చూడాలి. ఇంటర్నెట్ ఆపి కూడా ఒకసారి చూడాలి.

బ్రెయిలీని ఫోన్ పక్కకు నెట్టిందని అంటారు. నడివయసులో చూపు పోయినవారి విషయంలో అది కొంత నిజం. పుట్టుకతో చూపు లేని బిడ్డకు మాత్రం బ్రెయిలీ తప్పనిసరి. చెవితో మాత్రమే చదువుకున్న బిడ్డకు శ, ష, స ఎక్కడ ఏది రాయాలో, ఒత్తు ఎక్కడ పడుతుందో తెలిసే మార్గం లేదు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ వంటి ఆన్‌లైన్ గ్రంథాలయాల నుంచి పుస్తకాలు దించుకుని, ఆర్బిట్ రీడర్ వంటి చిన్న బ్రెయిలీ పరికరం మీద వేళ్ళతో చదువుకోవచ్చు.

చెవి సంగతి వేరు

ఇంప్లాంట్ మీద అపనమ్మకం పెంచుకున్నవారు, చెవుడు ఉన్నవారికి అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌ను అదే గాటన కట్టకూడదు. లోపలి చెవిలో పెట్టే ఎలక్ట్రోడ్లు కంపెనీని బట్టి 12 నుంచి 22 మాత్రమే. అయినా దానితో బిడ్డ మాట విని, మాట నేర్చుకుంటుంది. మాటను అర్థం చేసుకోవడానికి మెదడుకు కొద్దిపాటి స్వరపట్టీలు (వేర్వేరు స్థాయులుగా విడదీసిన శబ్దపు భాగాలు) చాలు, ముఖాన్ని పోల్చుకోవడానికి వేల చుక్కలు కావాలి. 60 ఎలక్ట్రోడ్లతో కన్ను సాధించలేనిది 22తో చెవి సాధించడానికి కారణం ఇదే.

ముందుగా మంచి వినికిడి యంత్రం కొన్ని నెలలు వాడి చూడాలి. దానితో మాట అందుతుంటే శస్త్రచికిత్స అనవసరం. అందకపోతే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే పుట్టుచెవుడు ఉన్న బిడ్డలో వినికిడి మార్గాలు మెదడులో రూపుదిద్దుకునేది తొలి సంవత్సరాలలోనే. సంజ్ఞాభాషతో పెరిగి పెద్దవారైనవారికి ఇంప్లాంట్ అంతగా ఉపకరించదు, వారి భాష వారికి ఉంది. ఆపరేషన్ తరువాత సంవత్సరాల తరబడి మాట శిక్షణ, బయట పెట్టుకునే ప్రాసెసర్‌కు వైర్లు, బ్యాటరీలు, వారంటీ తీరాక కొత్త ప్రాసెసర్ ఖర్చు ఉంటాయి. ప్రభుత్వ పథకంలో ఆపరేషన్ ఉచితంగా అయిన కుటుంబాలు ఈ ఖర్చు దగ్గరే చిక్కుకుంటాయి.

చెవుడుతో పుట్టిన బిడ్డకు కంటి పరీక్ష తప్పకుండా చేయించాలి. అషర్ సిండ్రోమ్ అనే జన్యులోపంలో చెవుడు ముందు, ఆర్‌పీ తరువాత వస్తాయి. అది తేలితే ఎంపిక లెక్క మారిపోతుంది: రేపు సంజ్ఞలను చూడలేకపోయే బిడ్డకు చెవి ద్వారా మాట అందించడం మరింత అత్యవసరం అవుతుంది గనుక, కాక్లియర్ ఇంప్లాంట్ విషయంలో వేచి చూద్దామన్న మాటకు చోటుండదు.

కాగితాలు

కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడినవారికి కర్రలు, బ్రెయిలీ సామగ్రి, స్మార్ట్‌ఫోన్ల వంటివి, చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు అందుతాయి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కాక్లియర్ ఇంప్లాంట్‌కు వయోపరిమితి ఎంతో, రెండు చెవులకూ ఇస్తారో లేదో, ప్రాసెసర్ మరమ్మతు అందులో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. ఇటువంటి ప్రయోజనాలలో చాలావాటికి మూలం వైకల్య ధ్రువపత్రం, మనకు సదరం పేరుతో తెలిసినది. దాన్ని ఇచ్చే శిబిరంలో ఆర్‌పీ ఉన్నవారు తరచుగా నష్టపోతారు: ఎదుటి చార్టులో చిన్న అక్షరాలు కూడా చదివేస్తే చూపు బాగానే ఉందని రాసి పంపే ప్రమాదం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, మెరుగైన కంట్లో చూపు 3/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేదాన్ని 3 మీటర్ల నుంచి చూడగలగడం) కంటే తక్కువైతేనే కాదు, చూపు విస్తీర్ణం 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోయినా అది అంధత్వమే. 40 డిగ్రీల లోపు ఉంటే లో విజన్ కిందికి వస్తుంది. శిబిరానికి వెళ్ళేముందు చూపు విస్తీర్ణం కొలిచే పెరిమెట్రీ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు వెంట తీసుకువెళ్ళి, విస్తీర్ణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని వైద్యులను స్పష్టంగా కోరాలి.